సైకిలుపై దూరయాత్ర: దారి, సామగ్రి, సంచి

రెండు చక్రముల బండిపై సామాను కట్టుకొని దూరదేశములు చుట్టివచ్చుట క్రొత్త సంగతి కాదు. థామస్ స్టీవెన్స్ అను నాతడు 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, ముందు పెద్దచక్రము, వెనుక చిన్నచక్రము గల పాతకాలపు సైకిలుపై యాత్ర సాగించి, 1886లో జపాను దేశపు యోకొహామా నగరము చేరెను. దారిలో మన దేశమును కూడ దాటెను. అతని వెంటనున్న సామాను బహు స్వల్పము. అందొక వానకోటు కలదు. పగలు వానకు అడ్డముగా నున్న ఆ కోటే రాత్రి డేరాగా ఉపయోగపడెను.

ఇట్టి యాత్రకు నేడు బైక్‌ప్యాకింగ్ అని పేరు. దీనికి పూనుకొను విద్యార్థులు సాధారణముగా మొదట సంచి కొందురు. పిమ్మట సంచి నిండువరకు సామాను నింపుదురు. చివరకు ఎచ్చటికి పోవలెనా యని యోచింతురు. ఈ వరుస తలక్రిందులైనది. ముందు దారి, తరువాత సామగ్రి, ఆపైన సంచి, ఇదియే సరియైన క్రమము. ఏలయన, మూట ఎంత బరువైనదో త్రాసు చెప్పును గాని, ఆ బరువు త్రొక్కువానిని ఎంత బాధించునో దారి చెప్పవలసినదే.

దారి

ఒక ఉదాహరణము చూతము. మనిషి 60 కిలోలు, సైకిలు 15 కిలోలు, మూట 10 కిలోలు, వెరసి 85 కిలోలు. చదునైన తారురోడ్డుపై గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు ఎదిరించు బలములు రెండు. టైర్లు దొర్లుటవలన కలుగు నిరోధము ఒకటి, గాలి నిరోధము రెండవది. ఈ రెండును కలిసి సుమారు 12 న్యూటన్లుండును. ఇక 100 మీటర్ల దూరమునకు 3 మీటర్లు లేచు మెరక వచ్చినదనుకొందము. భూమ్యాకర్షణ వలన మరి 25 న్యూటన్లు చేరును. అనగా అదే వేగముతో ఎక్కవలెనన్న మూడింతల బలము కావలెను. వీధిలో పోవునపుడు కంటికి ఆనని మెరక కూడ కాళ్ళకు తెలియుట ఇందువలననే.

మూటలో 5 కిలోలు పెరిగినచో చదునున 0.3 న్యూటను మాత్రమే హెచ్చును. అదే ఆ మెరకపై మరి 1.5 న్యూటన్లు హెచ్చును. ఒకే బరువు, ఐదురెట్ల శ్రమ! కనుక దారి తెలియక మూట కట్టరాదు.

సికింద్రాబాదులోని బౌద్ధనగర్ విద్యార్థులు కొందరు భువనగిరి కోటకు పోదలచిరనుకొందము. ఒంటిరాతి గుట్టపై వెలసిన ఈ కోట పశ్చిమ చాళుక్యరాజగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర ప్రసిద్ధము. విశ్వవిద్యాలయ ఆవరణము మీదుగా తార్నాక చేరి, హబ్సిగూడ, ఉప్పల్, ఘటకేసర్, బీబీనగర్ దాటి పోవలెను. తార్నాక నుండి 40 కిలోమీటర్లకు పైబడి యుండును. మధ్య మధ్య ఎగుడుదిగుడు లున్నను, మొత్తముమీద తూర్పునకు పోవుకొలది నేల వాలుచుండును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది హైదరాబాదు మీదుగా తూర్పునకు సాగుటయే ఇందుకు సాక్ష్యము. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఉన్నది. ఆ దారినే ఇంకను ముందున్న వరంగల్లు 300 మీటర్లకు లోపుగనే ఉన్నది.

ఇందు ఒక చిక్కు కలదు. పోవునపుడు హాయిగా సాగిన బండి తిరిగివచ్చునపుడు భారముగా కదలును. దీనికి గాలి తోడైనచో కష్టము మరింత హెచ్చును. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములు పడమటి వైపునుండి వీచును. అవి పోవువానిని నెట్టును, వచ్చువానిని అడ్డగించును. గంటకు 15 కిలోమీటర్లు పోవువానికి గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినచో, గాలి నిరోధము దాదాపు మూడింత లగును; ఏలయన ఆ నిరోధము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. శీతకాలపు ఈశాన్యపుగాలి ఇందుకు మారుగా, వచ్చువానికి సాయపడును. ఎండయు తక్కువ. కావున ఈ యాత్రకు నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు అనుకూలములు.

దారి నెన్నుకొనుటలో మరి రెండు సంగతులు గమనింపవలెను. జాతీయ రహదారి నునుపైనదే గాని లారీల రద్దీ ఎక్కువ. చీకటి పడకముందే ఆ దారి విడువవలెను. సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గము ఘటకేసర్, బీబీనగర్, భువనగిరుల మీదుగానే పోవును. బండి చెడినను, ఒంట్లో బాగుండకపోయినను స్టేషను చేరువలో నుండుట గొప్ప ధైర్యము. తొలియాత్రకు ఇట్టి దారియే తగినది.

సామగ్రి

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. చదునుబాటపై త్రొక్కువాడు చక్రమునకు అందించు శక్తి సుమారు 50 వాట్లు. అందుకై శరీరము వెచ్చించునది సుమారు 250 వాట్లు. తక్కిన 200 వాట్లు వేడియగును. ఈ వేడి ముఖ్యముగా చెమట ఆరుటవలననే పోవలెను. మూడు గంటలలో పుట్టిన వేడిని పోగొట్టుటకు దాదాపు ఒక లీటరు చెమట ఆవిరి కావలెను. కారిపోయిన చెమట లెక్కకు రాదు, మెరకలు వేరు. కావున మూడు గంటల ప్రయాణమునకు రెండు లీటర్ల నీరు చేతనుండవలెను. చెమటతో ఉప్పు కూడ పోవును. ఉప్పు వేసిన మజ్జిగ దారిలో మంచి పానీయము. నీటి బరువు రెండు కిలోలైనను దానిని తగ్గించుకొనరాదు. తగ్గింపదగినవి బట్టలు, పుస్తకములు, వంటపాత్రలు.

తరువాతది మరమ్మతు సామాను: ఒక అదనపు ట్యూబు, పాచీలు, సొల్యూషను, టైరు ఊడదీయు మీటలు, చిన్న పంపు, స్పానరు. తెలంగాణ బాటల ప్రక్కన సర్కారు తుమ్మ విస్తారము. దాని ముల్లు టైరును సులభముగా దూయును. పంక్చరు వేయుట ఇంటివద్దనే నేర్చుకొనవలెను. ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము, తలకు హెల్మెటు, పలుచని దుప్పటి, వానకోటు, ఇవియు కావలెను.

సంచి

సామాను తేలిన పిమ్మట దానికి చోటు చూడవలెను. వీపున మోయు సంచి మంచిది కాదు. అది బరువును ఎత్తున నిలుపును, వీపున చెమట ఆరనీయదు. పాలవారు క్యానులను కారియరుకు రెండు ప్రక్కల, చక్రపు ఇరుసుకు దగ్గరగా వ్రేలాడదీయుదురు. బరువు క్రిందనున్నచో బండి ఒరిగినపుడు దానిని పడద్రోయు భ్రామకము తగ్గును; ఆపినపుడును, నెమ్మదిగా నడిపించునపుడును అదుపులో నుండును.

సైకిలు చట్రపు ముక్కోణములో ఇముడు సంచిలో నీరు, పనిముట్లు వంటి బరువైనవి ఉంచవలెను. సీటు వెనుక కట్టు పొడవాటి సంచిలో బట్టలు, దుప్పటి ఉంచవచ్చును. హాండిలుకు కట్టు మూట తేలికగా నుండవలెను. అక్కడి బరువు హాండిలుతోపాటు తిరుగును గనుక మలుపులలో చేతికి ఎదురుతిరుగును. కచ్చా బాటపై కారియరుకు వ్రేలాడు సంచులు ఊగి రాళ్ళకు తగులును. చట్రమునకు బిగించినవి కదలవు. తారురోడ్డుపై కారియరు సంచులే చాలును, ఖర్చును తక్కువ. ఏ సంచి మేలను ప్రశ్నకు జవాబు కూడ దారియందే ఉన్నది.

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచే పరీక్ష చేయింపవచ్చును. ఐదు కిలోల ఇసుకసంచిని మొదట కారియరుపై ఎత్తుగా కట్టి, బండిని కొంచెము ఒరిగించి చేతితో నిలుపుమనవలెను. తరువాత అదే సంచిని ఇరుసు ప్రక్కన కట్టి చూడుమనవలెను. భేదము చేతికే తెలియును.

బయలుదేరుటకు వారముముందు నిండుమూటతో విశ్వవిద్యాలయ ఆవరణపు బాటలపై ఒక గంట త్రొక్కి చూచిన మంచిది. ఆ గంటలో అనవసరమని తోచినదానిని ఇంటనే విడువవలెను. మిగిలిన మూటతో భువనగిరి చేరగలమా యని కాదు, పడమటికి తిరిగి మెరక నెక్కుచు, పొద్దుండగనే ఇల్లు చేరగలమా యని లెక్క వేసికొనవలెను. ఆ లెక్క సరిపోయినచో యాత్రకు బయలుదేరవచ్చును.