ఇంగ్లీషు క్రియలో కర్మకు చోటు

గోదావరికి వరద వచ్చినప్పుడు పట్టిసీమ రేవున పడవలు నిలిచిపోవుట మన విద్యార్థు లెఱిగినదే. ఈ సంగతిని ఇంగ్లీషున వ్రాయుమని మేము తరగతిలో కోరగా, ఒక బాలుడు 'దే కాల్డ్ ఆఫ్ ది ట్రిప్' అని సరిగా వ్రాసి, పిమ్మట 'దే కాల్డ్ ఆఫ్ ఇట్' అని వ్రాసెను. తోటివారు నవ్విరి. ఆ వారమంతయు అతడు ఇంగ్లీషున నోరు మెదపలేదు.

నిజమునకు అది మందబుద్ధి వలని తప్పు కాదు. 'కాల్ ఆఫ్' అనగా నిలిపివేయుట. మన 'నిలిపివేయు' అను క్రియ నడుమ కర్మను చొప్పింపము. 'కాల్ ఆఫ్' కూడ అట్టి యొక్క మాటయే యని తలచి, ఇంగ్లీషున కర్మ క్రియకు తరువాత వచ్చునను సూత్రమును ఆ బాలుడు పాటించెను. క్రియకు చిన్నమాట చేరి అర్థము మాఱు ఈ పద్ధతి విదేశీయులకు మిక్కిలి కష్టమని సామ్యుయెల్ జాన్సను పండితుడే 1755లో తన నిఘంటువు పీఠికలో ఒప్పుకొనెను.

సూత్రమిది. కర్మ నామవాచకమైనచో రెండు చోట్లను ఉండవచ్చును: 'దే కాల్డ్ ఆఫ్ ది ట్రిప్', 'దే కాల్డ్ ది ట్రిప్ ఆఫ్'. సర్వనామమైనచో నడుమనే యుండవలెను: 'దే కాల్డ్ ఇట్ ఆఫ్'.

కారణమేమి? ఇంగ్లీషు వాక్యాంతమున సాధారణముగా క్రొత్తదియు బరువైనదియునగు మాట నిలుచును. 'ఇట్' ముందే తెలిసినదానిని సూచించు తేలిక మాట గనుక క్రియను అంటియుండును. కర్మ మిక్కిలి పొడవైనచో, అది చివరకు పోవుటయే మేలు: 'దే కాల్డ్ ఆఫ్ ది ట్రిప్ దట్ వి హాడ్ ప్లాన్డ్ ఫర్ సాటర్డే'.

అయితే అన్ని జంటలును విడివడవు. 'లుక్ ఆఫ్టర్ ది చైల్డ్' అందుము గాని 'లుక్ ది చైల్డ్ ఆఫ్టర్' అనరాదు. కావున 'లుక్ ఆఫ్టర్ హిమ్' అనియే చెప్పవలెను. పరీక్ష సులభము: నామవాచకము నడుమ ఇముడునేని, సర్వనామము నడుమనే యుండితీరవలెను.

తల్లిదండ్రులకొక మనవి. ఉదయమున పిల్లవాడు చొక్కా తొడుగుకొనునప్పుడు 'పుట్ ఆన్ ది షర్ట్', 'పుట్ ది షర్ట్ ఆన్', 'పుట్ ఇట్ ఆన్' అని మూడు విధముల చెప్పింపుడు. తప్పినచో నవ్వకుడు. శిక్షణ కాలమున మేమును ఈ తప్పే చేసి నేర్చుకొన్నవారము. నవ్వునకు వెఱచి మౌనము వహించిన బాలునికి ఏ సూత్రమును అక్కఱకు రాదు.