ఐఐటీ సీటు: మీ పిల్లాడు ఏ లైన్లో ఉన్నాడు?

“అన్నా, మావాడికి 88 వచ్చింది. ఐఐటీ వస్తాదా?”

శ్రీసిటీలో షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సు దిగిన మా పక్కింటాయన మా గేటు దగ్గరే నిలబడి అడిగాడు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. జేఈఈ మెయిన్ జనవరి విడత ఫలితం ఫోన్లో చూపించాడు. 88 అంటే నూటికి 88 మార్కులని ఆయన అనుకున్నాడు. ఆ సంబరంలో వీధంతా మిఠాయి కూడా పంచేశాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి చెప్పిన సంగతులే ఇవి. మా తడలోనే కాదు, సూళ్లూరుపేటలోనూ సత్యవేడులోనూ ఈ ప్రశ్న నలుగుతున్న ఇళ్లు చాలా ఉంటాయి. కింద ఇచ్చిన అంకెలు 2025 ప్రవేశాలవి. ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వాటి తీరు పెద్దగా మారదు.

ముందు ఆ 88 సంగతి. అది మార్కుల శాతం కాదు, పర్సంటైల్. పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 88 మందికి మీవాడితో సమానంగానో, అంతకంటే తక్కువగానో మార్కులు వచ్చాయని దాని అర్థం. మెయిన్ పేపరు 300 మార్కులకు ఉంటుంది. అందులో మీవాడికి ఎన్ని వచ్చాయో ఈ అంకె చెప్పదు, ఎంతమంది వెనక నిలబడ్డాడో చెబుతుంది. వందలో 12 మందే కదా ముందున్నది అనిపిస్తుంది. కానీ 2025లో రెండు విడతలూ కలిపి మెయిన్ రాసినవాళ్లు 14,75,103 మంది. అందులో 12 శాతం అంటే లక్షా 77 వేలు. 99 పర్సంటైల్ తెచ్చుకున్న పిల్లకు కూడా ముందు పద్నాలుగున్నర వేల మందికి పైగా ఉంటారు. 99కీ 99.9కీ మధ్యనే 13 వేల మంది ఇరుక్కుని ఉన్నారు. దశాంశాల కోసం పిల్లలు అంత తంటాలు పడేది ఇందుకే.

మరి సీట్లెన్ని? దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి 18 వేల పైచిలుకు. రాసినవాళ్ల సంఖ్యను సీట్లతో భాగిస్తే 81 మందికి ఒక సీటు. పొద్దున్నే హైవే మీద పోయే పచ్చరంగు కాలేజీ బస్సులు రెండు అనుకోండి. ఒక్కోదాంట్లో నలభై మంది, ఇంకొకరు ఫుట్‌బోర్డు మీద. ఆ రెండు బస్సుల పిల్లల్లో ఐఐటీ గేటు ముందు దిగేది ఒక్కరే.

ఇక్కడిదాకా విని మా పక్కింటాయన ముఖం వాడిపోయింది. ఆగమన్నాను. ఈ 81 అనే అంకె ఏ ఒక్క పిల్లాడి అవకాశమూ కాదు. బస్సు దారిలో ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరెవరు దిగిపోయారో చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. మెయిన్ రాసినవాళ్లలో జేఈఈ అడ్వాన్స్‌డ్, అంటే ఐఐటీల సొంత పరీక్ష, రాయడానికి అర్హత వచ్చింది 2,50,236 మందికి. మన 81 మందిలో 14 మంది అన్నమాట. వాళ్లలో నిజంగా వెళ్లి పరీక్ష రాసింది 1,80,422 మంది. అంటే 14 మందిలో నలుగురు హాలుకే రాలేదు, మిగిలింది 10 మంది. అందులో ర్యాంకు వచ్చింది 54,378 మందికి, అంటే ముగ్గురికి. ఆ ముగ్గురిలో సీటు ఒకరికి. 81, 14, 10, 3, 1. మెయిన్ రాసే రోజు 81లో ఒకటిగా ఉన్న అవకాశం అడ్వాన్స్‌డ్ హాల్లో కూర్చున్న రోజుకు పదిలో ఒకటవుతుంది. ర్యాంకు చేతికొచ్చిన రోజుకు మూడులో ఒకటి. పిల్లాడు అదే, సీట్లు అవే. ఏ స్టాపులో నిలబడి లెక్కేస్తున్నామన్నదే తేడా.

“ర్యాంకు వచ్చినా సీటు రాలేదంట” అని ఎవరింట్లోనైనా వింటే అందులో మోసమేమీ లేదు. 2025లో సీట్లకు మూడింతల మంది ర్యాంకుల జాబితాలో ఉన్నారు, అంతే.

అమెరికాలో ఉన్న మేనమామ ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి ఒక పోలిక. హార్వర్డ్‌లో 2024లో చేరిన బ్యాచ్‌కు 54,008 మంది దరఖాస్తు పెట్టుకుంటే సీటు దక్కింది నూటికి నలుగురి లోపే. మనది నూటికి ఒకరు చిల్లర. దాంతో ఐఐటీ హార్వర్డ్ కంటే కష్టమని వాట్సాప్‌లో గొప్పగా తిప్పుతుంటారు. అక్కడ వ్యాసాలు, సిఫారసు లేఖలు, స్కూలు మార్కులు అన్నీ సర్దుకుని, తమకు వీలుంటుందనుకున్నవాళ్లే దరఖాస్తు పెడతారు. ఇక్కడ ఎంపీసీ తీసుకున్నవాళ్లలో చాలామంది మెయిన్ ఫారం నింపేస్తారు. భాగాహారంలో కింది అంకె పెరిగితే అవకాశం చిన్నదిగా కనబడటం మామూలే.

మళ్లీ 88కి వద్దాం. అడ్వాన్స్‌డ్‌కు అర్హత ఒకే గీత దగ్గర తెగదు. 2025లో జనరల్ వాళ్లకు 93.10, ఈడబ్ల్యూఎస్‌కు 80.38, ఓబీసీకి 79.43, ఎస్సీకి 61.15, ఎస్టీకి 47.90 దగ్గర ఆగింది. గీత కిందికి ఉంటే సీటు సులువనుకోవడం పొరపాటు. అర్హుల సంఖ్యనూ సీట్లనూ ఒకే పాళ్లలో పంచుతారు. ఓబీసీ వాటా 27 శాతం. ఆ లెక్కన అర్హత పొందేది 67 వేల మంది, సీట్లు 4,900. సీటుకు 14 మంది. మిగతా లైన్లలోనూ ఇంచుమించు అంతే. లైన్లు వేరు గానీ ఒక్కో సీటు ముందు నిలబడినవాళ్లు సమానమే.

“మేము బీసీ డి” అన్నాడాయన. అయితే దాటినట్టేనా? ఇక్కడే చాలా ఇళ్లు దెబ్బతింటాయి. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఐఐటీలకు చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ ఎన్‌సీఎల్ సర్టిఫికెట్ కావాలి. బీసీల్లో సంపన్నశ్రేణి కిందికి రాని కుటుంబమని తహసీల్దారు ఇచ్చే కాగితం అది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో లేక, ఈడబ్ల్యూఎస్ కిందికీ రాకపోతే మీవాడు జనరల్ లైన్లోకి పోతాడు, 88 ఉన్నా 93.10 ముందు ఆగిపోతాడు. పేరు ఉంటే 79.43 గీతను హాయిగా దాటతాడు. ఓసీల్లో ఈడబ్ల్యూఎస్ వాళ్లకూ ఇలాంటి మెలికే ఉంది. ఆదాయం 8 లక్షల లోపున్నా, కుటుంబానికి 5 ఎకరాలో అంతకుమించో సాగుభూమి ఉంటే కేంద్ర సర్టిఫికెట్ రాదు.

దాటాడనే అనుకుందాం. తర్వాత? నా తీర్పు ఆయనకు దాచకుండా చెప్పాను. 79.43 నుంచి 100 దాకా ఉన్న వరసలో 88 సగానికి కాస్త వెనకే పడుతుంది. సీటు దక్కేది 14 మందిలో ముందున్న ఒక్కరికి. అడ్వాన్స్‌డ్ ర్యాంకులో మెయిన్ పర్సంటైల్ కలపరు కాబట్టి అక్కడ అందరూ మళ్లీ సున్నా నుంచే మొదలు. అయినా సగం వెనకున్న పిల్లాడు నాలుగు నెలల్లో అందరికంటే ముందుకు రావడం అరుదు. ఏప్రిల్ విడత మెయిన్ మాత్రం తప్పక రాయించాలి. రెండింట్లో ఏది మేలైతే అదే లెక్కలోకి వస్తుంది.

ఆడపిల్లలున్న ఇంటివాళ్లు ఇంకొకటి గమనించాలి. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకు అదనపు సీట్లు కలుపుతున్నారు, మొత్తంలో ఐదో వంతు వాళ్లకు దక్కాలని. 2025లో అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వచ్చిన అమ్మాయిలు 9,404 మంది. ఐదో వంతు అంటే 3,600 సీట్లు. సీటుకు ముగ్గురి కంటే తక్కువే. కోచింగ్‌కు కొడుకును పంపి కూతుర్ని ఆపే ఇళ్లు లెక్క తప్పుతున్నట్టే.

“ఏర్పేడులో ఉన్నది మన తిరుపతి ఐఐటీయే కదా, మనకేమీ కోటా లేదా?” లేదు. ఏ ఐఐటీలోనూ సొంత రాష్ట్రం కోటా ఉండదు. కళ్లెదుట ఉన్న శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ కూడా మెయిన్ ర్యాంకుతో దేశమంతటి పిల్లలకూ ఒకటే. ఏర్పేడు పక్కనే ఉన్న ఐసర్ అయితే మెయిన్‌తో పని లేకుండా తన సొంత పరీక్ష పెట్టుకుంటుంది.

సొంత రాష్ట్రం లెక్క ఉన్నది ఎన్ఐటీల్లో, అక్కడ సగం సీట్లు. మనలాంటి సరిహద్దు ఊళ్లకు ఇందులో ఒక చిక్కుంది. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరో ఆధార్ చిరునామానో కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. తడలో ఇల్లుండి, రైలెక్కి గుమ్మిడిపూండిలోనో చెన్నైలోనో ప్లస్ టూ చదివిన పిల్ల ఎన్ఐటీల లెక్కలో తమిళనాడు పిల్ల. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఆమెకు సొంత రాష్ట్రం వాటా రాదు, తిరుచ్చిలో వస్తుంది. చెకుపోస్టుకు ఇవతలా అవతలా అన్న తేడా మెయిన్ ర్యాంకు అంత బరువు తూగుతుంది. కాలేజీలో చేర్చే రోజు ఈ సంగతి ఆలోచించేవాళ్లు తక్కువ.

దీనికి తోడు మన దగ్గర ఇంకో అనుమానం. “2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి. లోకల్ మారిందా?” మారలేదు. ఏపీ ఈఏపీసెట్‌కు రెండూ ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతమే. అందులో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. ఆ పరీక్ష లెక్క వింటే కాస్త ఊపిరి వస్తుంది: 2025లో ఇంజనీరింగ్ విభాగం రాసిన 2,64,840 మందిలో 1,89,748 మంది అర్హులయ్యారు. నూటికి 71 మంది. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం బరువుంది. మా పక్కింటి అబ్బాయి అసలు బలం ఇక్కడే అని నా అంచనా. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో మంచి బ్రాంచి అతనికి గురిపెట్టదగ్గ లక్ష్యం. దాన్ని ‘ఐఐటీ రానివాళ్ల సీటు’ అని చిన్నబుచ్చడం నాకు నచ్చదు.

లాంగ్‌టర్మ్ కోచింగ్ పెట్టిద్దామా అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. ఇంటర్ పాసైన ఏడాది ఒకటి, ఆ మరుసటి ఏడాది ఒకటి. అంతకు మించి ఐఐటీ పేరు చెప్పి ఇంకో ఏడాది ఫీజు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

ఐఐటీ సీటు వస్తే మాత్రం ఫీజుకు భయపడి వదలకండి. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు అది లేదు. ఇంటి ఆదాయం లక్ష లోపైతే పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా మూడింట రెండు వంతులు మాఫీ. అంటే కట్టేది 67 వేలు, నెలకు ఐదున్నర వేలు. హాస్టలు, మెస్సు వేరే.

కాఫీ గ్లాసు కింద పెట్టి ఆయన చివరగా, “ఇప్పుడు నేనేం చెయ్యాల?” అన్నాడు. అడ్వాన్స్‌డ్‌కు పెట్టే ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మీద ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీ ఉండాలి. పాతది పనికిరాదు. 2025లో రిజిస్ట్రేషన్ ఏప్రిల్ 23న మొదలై మే 2న ముగిసింది. చేతిలో ఉండేది నెల రోజులే. కేంద్ర జాబితాలో మీ కులం పేరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి.