మహమ్మారి కాలంలో ప్రజా నిర్మాణ ప్రణాళికల సవరణ: ద్వారకా నగర్ నేపథ్యంలో విశాఖ అనుభవం

వ్యాససంగ్రహం

కోవిడ్-19 వ్యాప్తి కారణంగా 2020, 2021 సంవత్సరాల్లో ప్రజా నిర్మాణ పనుల ప్రణాళికలను ప్రభుత్వాలు సవరించవలసి వచ్చింది. ఆ సవరణల్లో ప్రధానమైనది గుత్తేదారుతో కుదిరిన ఒప్పందపు గడువును పెంచడం. నిర్మాణం ఒప్పందంతో పాటు మరో రెండు కాలాలపై ఆధారపడుతుంది. కూలీ పనిచోటికి చేరగలిగే కాలం ఒకటి, వాతావరణం అనుకూలించే కాలం రెండవది. ఈ మూడింటిలో మొదటిదానికి దొరికిన శ్రద్ధ తక్కిన రెండింటికి దొరకలేదని, ఆ లోటు భారం ఎక్కువగా శ్రామికులపై పడిందని విశాఖపట్నం అనుభవం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కోవిడ్-19, ప్రజా నిర్మాణాలు, ద్వారకా నగర్, ఒప్పందపు గడువు, వలస కూలీలు, పునఃప్రారంభం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నానికి విపత్తులు కొత్త కావు. 2014 అక్టోబరు 12న హుదుద్ తుఫాను తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, చెట్లు, పైకప్పులు కూలిపోయాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ పథకంలో భాగంగా నగరంలో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పని మొదలైంది. తుఫాను చేసిన నష్టం కంటికి కనిపించేది. దాన్ని సరిచేయడానికి ఊళ్ల నుంచి మనుషులు రాగలిగారు, సామగ్రి చేరగలిగింది.

కోవిడ్ తెచ్చిన ఇబ్బంది దీనికి భిన్నమైనది. వంతెన స్తంభాలు, కాలువ గోడలు ఎక్కడివక్కడే నిలిచి ఉన్నాయి. వాటిని కట్టే మనుషుల రాకపోకలు నిలిచిపోయాయి. విపత్తు నిర్వహణలో కట్టడాలను కాపాడుకోవడం గురించి నేర్చుకున్న పాఠాలు ఇక్కడ అంతగా ఉపయోగపడలేదు. నిర్మాణ ప్రణాళికను ఎలా సవరించాలన్న ప్రశ్నకు సమాధానం వెతకాలంటే, ముందుగా ఆ ప్రణాళిక దేనిపై నిలబడి ఉందో తెలుసుకోవాలి.

2. కూడలిగా ద్వారకా నగర్

ద్వారకా నగర్‌ను నగరవాసులు దుకాణాలు, శిక్షణ సంస్థలు, డైమండ్ పార్క్, గురుద్వారా కూడలి వంటి గుర్తులతో పోల్చుకుంటారు. దాన్ని ఆనుకొని ఉన్న ద్వారకా బస్ స్టేషన్‌ను జనం ‘ఆర్టీసీ కాంప్లెక్స్’ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చే బస్సులకు, గాజువాక, పెందుర్తి, మధురవాడ దిక్కులకు పోయే నగర బస్సులకు అది కూడలి. తాపీ మేస్త్రీలు, ఇనుప చువ్వలు కట్టేవారు, సెంట్రింగ్ పనివారు, మట్టి మోసేవారు ఈ దారుల్లోనే నగరంలోకి వస్తారు. నిర్మాణ ప్రణాళికలో బస్ స్టేషన్ ప్రస్తావన ఎక్కడా ఉండదు. అయినా, ఉదయం పని మొదలు కావడం చాలావరకు ఆ బస్సుల మీదే ఆధారపడి ఉంటుంది.

దేశవ్యాప్త లాక్‌డౌన్ 2020 మార్చి 25న అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సులు మే 21న తిరిగి కదిలాయి. విశాఖ నగర సర్వీసులు మాత్రం సెప్టెంబరు వరకు ఆగవలసి వచ్చింది. నిర్మాణ పనులకు అనుమతి వచ్చిన తేదీకి, రోజుకూలీ ఇంటి నుంచి పనిచోటికి బస్సులో చేరగలిగిన తేదీకి మధ్య నెలల తేడా ఉన్నదని ఈ వరుసను బట్టి తెలుస్తుంది.

3. ఒప్పంద కాలం

ప్రజా నిర్మాణ ఒప్పందాల్లో యుద్ధం, వరద, అంటువ్యాధి వంటి అదుపు తప్పిన పరిస్థితులకు వర్తించే ఒక నిబంధన ఉంటుంది. దీన్ని ‘ఫోర్స్ మెజూర్’ అంటారు. దాని ప్రకారం, తన తప్పు లేకుండా పని ఆగిపోయిన పక్షాన్ని ఆలస్యానికి శిక్షించరాదు. చైనాలో వ్యాధి వల్ల సరఫరాలు ఆగిపోతే దాన్ని ఈ నిబంధన కింద పరిగణించవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2020 ఫిబ్రవరి 19న తెలిపింది. మే 13న మరింత స్పష్టమైన ఆదేశం వచ్చింది. దాని మేరకు, ఫిబ్రవరి 19 నాటికి ఒప్పంద బాధ్యతల్లో వెనుకబడని గుత్తేదారులకు 3 నెలలకు తగ్గకుండా, 6 నెలలకు మించకుండా, జరిమానా లేకుండా గడువు పెంచవచ్చు. అదే సంవత్సరం నవంబరులో, పని పూర్తిచేస్తామన్న హామీగా గుత్తేదారు కట్టే సొమ్మును ఒప్పంద విలువలో 3 శాతానికి తగ్గించారు.

ఈ చర్యలు అవసరమైనవే. ఇవి లేకపోతే చిన్న గుత్తేదారు జరిమానాలతో కుంగిపోయేవాడు, సగం పనులు కోర్టు తగాదాల్లో చిక్కుకొనేవి. అయితే ఈ ఆదేశాలన్నీ రెండు పక్షాల మధ్య వ్యవహారాన్ని సరిదిద్దినవి. పని ఇచ్చిన ప్రభుత్వం ఒక పక్షం, పని తీసుకున్న గుత్తేదారు రెండో పక్షం. పని చేసే కూలీ ఒప్పందంలో పక్షం కాదు కనుక, పెరిగిన గడువు అతనికి ఆగిపోయిన రోజుల కూలిని తెచ్చిపెట్టలేదు.

4. శ్రామిక కాలం

కేంద్ర హోం శాఖ 2020 ఏప్రిల్ 15న ఇచ్చిన మార్గదర్శకాలు ఏప్రిల్ 20 నుంచి కొన్ని పనులకు వీలు కల్పించాయి. నగరపాలక, పురపాలక సంఘాల పరిధిలో నిర్మాణాలు కొనసాగడానికి ఒక షరతు పెట్టాయి. కూలీలు పనిచోటనే ఉండాలి, బయటి నుంచి ఎవరినీ తీసుకురాకూడదు.

వ్యాధి వ్యాప్తి దృష్ట్యా ఈ షరతు సహేతుకమైనది. దాని ఫలితం మాత్రం అన్ని పనులకూ ఒకేలా ఉండదు. పెద్ద వంతెన పనుల్లో తాత్కాలిక నివాసాలు వేసి కూలీలను అక్కడే ఉంచే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు కూడలి వద్ద లాక్‌డౌన్ నాటికి నిర్మాణంలో ఉన్న పైవంతెన ఈ తరహా పెద్ద పని. దాన్ని 2021 డిసెంబరు 17న ముఖ్యమంత్రి లాంఛనంగా ప్రారంభించారు, అంతకు ముందే వాహనాలు దానిపై తిరిగాయి. ద్వారకా నగర్ వంటి కిక్కిరిసిన చోట జరిగే కాలువ మరమ్మతు, కాలిబాట, తీగల కందకం పనులకు ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ గుడారం వేయడానికి జాగా లేదు. కూలీ అడ్డా నుంచి ఉదయం వస్తాడు, సాయంత్రం వెళ్తాడు. పనిచోట ఉండేవారితోనే పని జరగాలన్న షరతు ఇటువంటి పనిని ఆచరణలో ఆపివేసినట్లే.

పనిచోట ఉన్నవారి పరిస్థితి కూడా నిలకడగా లేదు. మే 1 నుంచి శ్రామిక ప్రత్యేక రైళ్లు నడిచాయి. వారాల తరబడి సొంత ఊరికి దూరంగా చిక్కుకున్నవారు ఇళ్లకు బయలుదేరారు. విశాఖ మీదుగా పోయే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ఒడిశా, పశ్చిమ బెంగాల్ వైపు నడిచిపోయిన కూలీలను ఆ నెలలో ఊళ్లన్నీ చూశాయి. అనుమతులు పెరుగుతున్న కొద్దీ మనుషులు తగ్గిపోయారు. పనికి పిలిచిన ఆదేశంలో కూలీకి ఆగిన కాలపు కూలి, తిండి, వైద్యం గురించి నమ్మకం కలిగించే ఏర్పాటు ఉండి ఉంటే కొందరైనా ఆగేవారని భావించవచ్చు.

ఇందుకు తగిన చట్టం అప్పటికే ఉండేది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టాలను అనుసరించి అప్పట్లో నిర్మాణ వ్యయంపై సుంకం వసూలు చేసి సంక్షేమ నిధిలో జమచేసేవారు. ఆ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లోకి నేరుగా డబ్బు వేయాలని 2020 మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలను కోరింది. ఆ సాయం అందాలంటే కార్మికుడి పేరు నమోదై ఉండాలి. రోజుకొక మేస్త్రి కింద, నెలకొక ఊళ్లో పనిచేసే అడ్డా కూలీ పేరు నమోదు కావడం కష్టం. నిధి ఉన్నా, అవసరమైన మనిషికి అది చేరే దారి ఇరుకుగానే మిగిలింది.

5. ఋతుకాలం

పోయిన రెండు నెలలకు బదులు మరో రెండు నెలలు కలిపితే లెక్క సరిపోతుందన్న భావన గడువు పొడిగింపులో దాగి ఉంది. కోస్తా ఆంధ్రలో నిర్మాణ నెలలన్నీ ఒకే విలువ గలవి కావు. మార్చి నుంచి మే దాకా నేల పొడిగా ఉంటుంది. పునాదులు తవ్వడం, కాలువలు వేయడం, రోడ్డు పొరలు పరచడం అప్పుడే చురుకుగా సాగుతాయి. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల భయం ఉంటుంది. 2020లో పోయినది ఆ పొడి నెలలు. వాటికి బదులు దొరికినవి వాన నెలలు. కందకంలో నీరు నిలిస్తే తోడవలసిన ఖర్చు, కూలే మట్టిగోడకు ఆసరా పెట్టే ఖర్చు అదనం.

ఆగిన పని ఆగినట్లే ఉండదు కూడా. కాంక్రీటు పోసిన తర్వాత కనీసం వారం రోజులు నీటితో తడుపుతూ ఉండాలి. లేకపోతే పగుళ్లు వస్తాయి, బలం తగ్గుతుంది. లాక్‌డౌన్ ప్రకటనకూ అమలుకూ మధ్య కొన్ని గంటలే ఉన్నాయి. ముందురోజు పోసిన పలకను తడపడానికి ఎవరు మిగలాలన్నది ఆ రాత్రి ఎదురైన ప్రశ్న. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖలో బయటికి పొడుచుకొని ఉన్న ఇనుప చువ్వలు త్వరగా తుప్పు పడతాయి. సిమెంటు మూడు నెలలు దాటి నిల్వ ఉంటే మళ్లీ పరీక్షించి వాడాలి. కనుక పొడిగింపుతో పాటు, ఆగిన పనిని తనిఖీ చేసి సరిదిద్దే ఖర్చు కూడా అంచనాలో చేరాలి.

6. పునఃప్రారంభంలో ప్రమాదం, ప్రాధాన్యాల మార్పు

మూతపడినదాన్ని తెరవడం ఎంత ప్రమాదకరమో విశాఖకు తెలిసినంతగా మరే నగరానికీ తెలియదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. లాక్‌డౌన్‌లో మూతపడి, తిరిగి తెరవడానికి సిద్ధమవుతున్న కర్మాగారమది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మే 9న పరిశ్రమల పునఃప్రారంభానికి మార్గదర్శకాలు ఇచ్చి, మొదటి వారాన్ని ప్రయోగాత్మక దశగా భావించాలని సూచించింది. ఇది రసాయన పరిశ్రమకు సంబంధించిన ఉదాహరణ. నిర్మాణ స్థలానికీ అదే తర్కం వర్తిస్తుంది. నెలల తరబడి వానకు, గాలికి నిలిచిన సెంట్రింగ్, క్రేను తాళ్లు, తాత్కాలిక విద్యుత్ తీగలు తనిఖీ కాకుండా తొలిరోజే పూర్తి పనికి దిగితే ప్రమాదం పొంచి ఉంటుంది.

2021లో రెండో విడత వచ్చినప్పుడు అడ్డంకి రూపం మారింది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ నింపుకొని 7 ట్యాంకర్లతో ప్రత్యేక రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. ద్రవ ఆక్సిజన్‌ను వైద్యేతర అవసరాలకు వాడరాదని ఏప్రిల్ 25న కేంద్రం ఆదేశించింది. ఉక్కును గ్యాస్‌తో కోసే పనులకు ఆక్సిజన్ కావాలి. ప్రాణవాయువు ముందు రోగికి చేరాలన్నది తిరుగులేని ధర్మం. ప్రణాళికలో ఆ పనులను వెనక్కి జరిపి, ఆక్సిజన్ అవసరం లేని పనులను ముందుకు తేవడం అప్పుడు చేయదగిన సవరణ. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు కర్ఫ్యూ అమలైంది. బస్సులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. దూరం నుంచి వచ్చే కూలీకి పనిదినం సగానికి తగ్గింది.

అదే సమయంలో ఏది ముందు కట్టాలన్న ఆలోచన కూడా మారింది. విజయనగరం, అనకాపల్లి సహా 14 ప్రభుత్వ వైద్య కళాశాలలకు 2021 మే 31న దూరదృశ్య విధానంలో శంకుస్థాపన జరిగింది. భోగాపురం విమానాశ్రయ ఒప్పందం 2020 జూన్ 12న, వ్యాధి వ్యాప్తి నడుమనే కుదిరింది. దాని శంకుస్థాపన 2023 మే 3న జరిగింది. సర్వే, రూపకల్పన, ఒప్పందం వంటి కాగితపు దశలను మహమ్మారి కాలంలో ముందుకు నడపవచ్చునని ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

- గడువు పొడిగింపు గుత్తేదారును జరిమానా నుంచి కాపాడింది. కూలీకి అటువంటి రక్షణ కావాలంటే, ఆగిన రోజుల కనీస కూలిని నిర్మాణ అంచనాలోనే ఒక పద్దుగా చేర్చాలి.
- ‘పనిచోటనే కూలీలు’ అన్న షరతు నివాసం ఉన్న పెద్ద పనులకు పనికివచ్చింది. ద్వారకా నగర్ వంటి చోట్ల చిన్న పనులకు దగ్గరలో వసతి గాని, ప్రత్యేక రవాణా గాని టెండరులోనే పేర్కొనాలి.
- పొడిగింపును నెలల సంఖ్యతో కాక, కోల్పోయిన పొడి దినాల లెక్కతో నిర్ణయించాలి.
- పనిని సురక్షితంగా ఆపే పద్ధతి, తిరిగి తెరిచే ముందు తనిఖీ జాబితా ప్రతి ప్రజా నిర్మాణ ఒప్పందంలో ఉండాలి.
- అడ్డా కూలీల నమోదును పనిచోట, కూలి చెల్లించే వేళనే జరపాలి.

మహమ్మారి మళ్లీ ఎప్పుడు వస్తుందో ప్రణాళిక రాసేవారికి ముందుగా తెలియదు. ఉదయం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగే కూలీ ఆ రోజు రాలేకపోతే పని ఏమవుతుంది, అతని ఇల్లు ఎలా గడుస్తుంది అన్న రెండు ప్రశ్నలను మాత్రం టెండరు పిలిచే రోజే అడగవచ్చు. వాటికి సమాధానం ఉన్న ప్రణాళికను తర్వాత సవరించడం తేలిక.