కార్లలో కొత్త పోకడలు: లోహాల బజారులో కుదుపులు

గని మూతబడినా, రేవులో సమ్మె జరిగినా లోహాల ధర పెరగడం వర్తకులకు కొత్త కాదు. కార్ల కంపెనీ ప్రయోగశాలలో రసాయనం మారినందువల్ల ధర పడిపోవడం మాత్రం వేరే సంగతి. ఈ రకం దెబ్బకు రేవు వార్తల్లో గాని, రాబడి లెక్కల్లో గాని సూచన కనిపించదు.

పల్లాడియం కథ ఇందుకు మంచి ఉదాహరణ. పెట్రోలు కారు పొగలోని విషవాయువులను విరిచే పరికరానికి ఈ లోహమే ప్రాణం. ప్రపంచ వాడకంలో సుమారు ఐదింట నాలుగు వంతులు దానికే పోతుంది. రష్యా నుంచి రాబడి సక్రమంగా లేక 1990 దశకం చివర ధర ఎగబాకి, 2001 జనవరిలో ఔన్సు వెయ్యి డాలర్లు దాటింది. సరుకు దొరకదేమోనన్న భయంతో ఫోర్డ్ కంపెనీ కొనుగోలు విభాగం భారీగా నిలవ చేసింది. ఈలోగా అదే కంపెనీ ఇంజనీర్లు తక్కువ పల్లాడియంతో పని జరిపే మార్గం కనిపెట్టారు. ధర కూలింది. 2002 జనవరిలో ఆ కంపెనీ 100 కోట్ల డాలర్ల నష్టాన్ని ఖాతాలకెక్కించవలసి వచ్చింది. కొనేవారూ వాడేవారూ ఒకే కప్పు కింద ఉండి కూడా జరిగిన నష్టమిది!

అంతటితో ఆగలేదు. డీజిల్ పొగకు ప్లాటినం, పెట్రోలు పొగకు పల్లాడియం నప్పుతాయి. 2015లో ఫోక్స్‌వాగన్ డీజిల్ కుంభకోణం బయటపడి యూరపు కొనుగోలుదారులు పెట్రోలు కార్ల వైపు మళ్లారు. 2017లో పల్లాడియం ప్లాటినంను మించింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో 3,400 డాలర్లు కూడా తాకింది. అంత ధర పెట్టలేక కంపెనీలు పెట్రోలు పరికరాల్లోనూ కొంత ప్లాటినం కలపసాగాయి. బ్యాటరీ కార్లకైతే పొగగొట్టమే లేదు. 2024 ఫిబ్రవరిలో పల్లాడియం వెయ్యి డాలర్ల లోపుకు జారి, మళ్లీ ప్లాటినం కంటె చవకైంది.

బ్యాటరీ లోహాలదీ ఇదే దారి. 2018 మార్చిలో టన్ను 90,000 డాలర్లు మించిన కోబాల్ట్, 2019 మధ్యకు 30,000 డాలర్ల దిగువకు వచ్చింది. నికెల్, కోబాల్ట్ రెండూ అక్కరలేని ఇనుము-ఫాస్ఫేట్ బ్యాటరీ చైనాలో పుంజుకుని, 2024 నాటికి ప్రపంచ విద్యుత్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం వాటా సంపాదించింది. అలాగని కోబాల్ట్‌ను మరిచిపోవడానికీ లేదు. 2025 ఫిబ్రవరిలో కాంగో ఎగుమతులు నిలిపివేయగానే ధర లేచి కూర్చుంది.

లిథియం మాత్రం ఈ రెండు రకాల బ్యాటరీలకూ కావాలి. అయినా నిలకడ లేదు. చైనాలో 2022 నవంబరులో లిథియం కార్బొనేట్ టన్ను 6 లక్షల యువాన్ల దరిదాపులకు పోయి, 2023 ఆఖరుకు లక్ష యువాన్లకు పడింది. గనులు, శుద్ధి కర్మాగారాలు ఒక్కసారిగా పెరగడం ఇందుకు ముఖ్య కారణం. గ్వాంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో ఈ సరుకుకు 2023 జూలై 21న వాయిదా వ్యాపారం మొదలైంది. అప్పటికే ధర దిగుడు బాట పట్టింది. ఇక లిథియం కూడా లేని సోడియం బ్యాటరీని చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లోనే చూపించింది.

రాగి సంగతి కాస్త నిబ్బరంగా ఉంది. పెట్రోలు కారుకు సుమారు 23 కిలోల రాగి పడితే, పూర్తి బ్యాటరీ కారుకు 83 కిలోల దాకా పడుతుందని రాగి పరిశ్రమ అంచనా. బ్యాటరీ రసాయనం మారినా తీగ తీగే.

మన వర్తకులకు దగ్గరి సరుకు సీసం. వాడకంలో అత్యధిక భాగం బ్యాటరీలదే. పాత బ్యాటరీల తుక్కు కరిగించగా వచ్చే సీసమే రాబడికి పెద్ద ఆధారం. తిరుపతి కేంద్రంగా సీసపు బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ కూడా మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. దీన్ని చూసి సీసం పని అయిపోయిందనుకోవడం తొందరపాటే. చాలా విద్యుత్ కార్లలో దీపాలకు, తాళాలకు 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఇంకా ఉంటోంది. అయితే టెస్లా 2021లో ఆ చిన్న బ్యాటరీని కూడా లిథియంకు మార్చడం మొదలుపెట్టింది. సీసం నిలవదారులు చూడవలసింది కార్ల అమ్మకాల అంకెలను కాదు, ఇతర కంపెనీలు ఈ చిన్న బ్యాటరీ విషయంలో టెస్లా దారి పడతాయా అన్నది. రోడ్ల మీద ఉన్న పాత పెట్రోలు, డీజిల్ బండ్లకు మాత్రం కొన్నేళ్లకొకసారి కొత్త సీసపు బ్యాటరీ పడుతూనే ఉంటుంది. పాతది తుక్కు కొట్టుకు వస్తూనే ఉంటుంది.