ఫోనులో మన పేరు

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డవారిని చూడండి. నాచారంలో కంపెనీ విడిచాక ఇంటికి పోయేవారిని చూడండి. చాలామంది చేతిలో ఫోను ఉంటుంది. ఒకరు వాట్సాప్ చూస్తుంటారు. ఒకరు ఫేస్‌బుక్ చూస్తుంటారు. వీటినే సోషల్ మీడియా అంటారు.

ఇది ఎలాంటిది?

నల్లా దగ్గర నలుగురు చేరతారు. కబుర్లు చెప్పుకుంటారు. ఫోనులో కూడా అంతే. కాని ఒక తేడా ఉంది. నల్లా దగ్గరి మాటను కొన్నాళ్లకు మరిచిపోతారు. ఫోనులో పెట్టిన మాట, ఫోటో అట్లా పోవు. ఒకరు పదిమందికి పంపుతారు. ఆ పదిమంది తలా పదిమందికి పంపితే నూరు. నూరుమంది తలా పదిమందికి పంపితే వెయ్యి! తర్వాత మనం తుడిచేసినా, దాచుకున్నవారి దగ్గర అది ఉండనే ఉంటుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఇప్పుడు వేలు జారినా అంతే.

2018లో ఏం జరిగింది?

ఆ ఏడు మే నెలలో వాట్సాప్‌లో ఒక పుకారు వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్నారు. తెలంగాణలో చాలా ఊళ్లకు అది పాకింది. జనం నమ్మారు. కొత్తవారిని అనుమానించారు. హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. పుకారు పంపినవారు చెయ్యెత్తి కొట్టలేదు. కాని ఆ పాపంలో వారికీ పాలు లేదా?

అదే ఏడు జులైలో వాట్సాప్ మనదేశంలో ఒక కట్టడి పెట్టింది. వచ్చిన వార్తను ఒకేసారి ఐదింటికి మించి పంపరాదన్నది.

మన పేరు చెడగొడితే?

నాచారంలో కుట్టుపని చేసే ఒక చెల్లెలు ఉందనుకోండి. ఆమె ఫోటోను ఎవరో ఫేస్‌బుక్ నుంచి తీసుకున్నారు. ఆమె పేరుతో దొంగ ఖాతా తెరిచారు. ఆమె చుట్టాలను డబ్బు అడిగారు. చెడ్డ మాటలు రాశారు. కిరాయి ఇంటివాళ్లు ఆమెను ఒక తీరుగా చూస్తారు. పనిచోట గుసగుసలు మొదలవుతాయి. కాని తప్పు ఆమెది కాదు. సిగ్గుపడాల్సింది ఆమె కాదు.

ముందే ఏం చేయాలి?

ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ లాక్ పెట్టుకోండి. వాట్సాప్‌లో మీ ఫోటో తెలిసినవారికే కనిపించేలా పెట్టుకోండి. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకండి. కోపంలో ఏదీ రాయకండి. నిజమో కాదో తెలియని వార్త పంపకండి. ఇతరుల ఫోటో పెట్టేముందు వారిని అడగండి.

జరిగిపోతే ఏం చేయాలి?

భయపడి తుడిచేయకండి. అదే సాక్ష్యం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. తేదీ రాసుకోండి. ఆ ఖాతా మీది కాదని చుట్టాలకు చెప్పండి. ఫేస్‌బుక్‌కు రిపోర్టు చేయండి. దగ్గరి పోలీసు స్టేషన్‌కు పోండి. ఉప్పల్‌లో ఉంది, నాచారంలో ఉంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మరొకరి పేరు పెట్టుకుని ఫోను ద్వారా మోసం చేస్తే, 2000 నాటి ఐటీ చట్టం కింద మూడేళ్లదాకా జైలు పడవచ్చు.

ఒంటరిగా కుమిలిపోకండి. ఇంట్లో చెప్పండి. సంఘంలో చెప్పండి.

మాట్లాడుకుందాం

1. ఈ వారం మీకు వచ్చిన వార్తల్లో ఏది నిజం? ఎట్లా తెలుసుకున్నారు?
2. మన బస్తీలో ఒకరి పేరు ఫోనులో చెడగొడితే, మనం ఎవరి పక్కన నిలబడాలి?