ఓడ ఎక్కే ముందు ఓ మాట

"అక్కా, అమ్మని తీసుకురా. ఫిబ్రవరిలో అందరం కలిసి కరీబియన్ దీవులకి ఓడలో వెళ్దాం" అని హ్యూస్టన్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఓడలో అన్నం దొరుకుతుందా?" రెండో ప్రశ్న, "మధ్యలో దిగిపోవాలనిపిస్తే ఎలాగే?"

మేం పడీపడీ నవ్వాం. తీరా వెళ్లొచ్చాక చూస్తే అమ్మ అడిగినవే అసలు ప్రశ్నలు. మిగతావి అడక్కపోవడమే పొరపాటు.

అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలు ఇప్పుడు నయాగరా, వాషింగ్టన్ చూసి ఊరుకోవడం లేదు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, పిల్లలు 'క్రూయిజ్' అంటున్నారు. టిక్కెట్లు వాళ్లే కొంటారు. ఫారాలు వాళ్లే నింపుతారు. పెద్దవాళ్లు పెట్టె సర్దుకుని వెనకాలే నడుస్తారు. మేమూ అలాగే వెళ్లాం. మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి బయల్దేరుతుంటే ఇది వాళ్లకి వినిపించండి.

ఏ దారి? ఏ నెల?

కరీబియన్ ఓడలు ఎక్కువగా ఫ్లోరిడాలోని మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్, పోర్ట్ కెనావెరల్ రేవుల నుంచి బయల్దేరతాయి. టెక్సాస్ వాళ్లకి గాల్వెస్టన్ దగ్గర. తూర్పు దారిలో వెళ్తే సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ లాంటి దీవులు. పడమటి దారిలో జమైకా, గ్రాండ్ కేమన్, మెక్సికోలోని కోజుమెల్. దక్షిణానికి వెళ్తే అరూబా, కురసావ్, బార్బడోస్. మేం గాల్వెస్టన్ నుంచి పడమటి దారి పట్టాం. ఏడు రాత్రులు.

జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు అక్కడ తుపాన్ల కాలం. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా ఉధృతం ఎక్కువ. అప్పుడు టిక్కెట్లు చవగ్గా కనిపిస్తాయి గానీ, తుపాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది, అనుకున్న దీవి తప్పిపోతుంది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు వాతావరణం బావుంటుంది. క్రిస్మస్ సెలవుల్లో, మార్చిలో కాలేజీ పిల్లల సెలవుల్లో మాత్రం ధరలూ రద్దీ కూడా ఎక్కువే.

ఓడ బయల్దేరే రోజు పొద్దున్నే విమానం దిగి రేవుకి పరిగెత్తే పని పెట్టుకోకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందురోజే ఆ ఊరు చేరుకోవడం మంచిది.

కాగితాల సంగతి

ఓడ అమెరికా రేవు దాటిందంటే మనం దేశం దాటినట్టే. మళ్లీ లోపలికి రావాలంటే చెల్లే వీసా ఉండాలి. కాబట్టి మీ వీసా ఒక్కసారి ప్రవేశానికా, ఎన్నిసార్లయినా పనికొస్తుందా అన్నది టిక్కెట్టు కొనకముందే చూసుకోండి. పిల్లలు గ్రీన్‌కార్డు వాళ్లు, సిటిజన్లు అయితే వాళ్ల రూలు వేరు, మన రూలు వేరు. వాళ్లకి అక్కర్లేని కాగితం మనకి కావాల్సి రావచ్చు. దారిలో ఉన్న ఒక్కో దేశం భారతీయ పాస్‌పోర్టుకి ఏమడుగుతుందో ఓడ కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అమ్మాయి పురిటికని వెళ్లినవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గర్భం 24వ వారంలోకి వస్తే సాధారణంగా ఓడ ఎక్కనివ్వరు. చంటిపిల్లలకి కనీసం 6 నెలలైనా నిండాలి.

గది, ఖర్చు

కేబిన్లు ప్రధానంగా మూడు రకాలు. కిటికీ లేనిది చవక. కిటికీ ఉన్నది కాస్త ఎక్కువ. బాల్కనీ ఉన్నది ఇంకా ఎక్కువ. కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది అడగాలి. ఊపు అక్కడ తక్కువ. పై అంతస్తులో బాల్కనీ అని మోజుపడితే ఉయ్యాల ఉచితం.

ధరలు ఒక గదిలో ఇద్దరుంటారన్న లెక్కతో చెబుతారు. ఒక్కరే ఒక గదిలో ఉంటే చాలాసార్లు దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. నాన్న పోయాక ఎక్కడికెళ్లినా అమ్మ పక్కన ఇంకొకరి చోటు ఖాళీగానే ఉంటుంది. ఈసారి ఆ చోటు నాది. అమ్మా నేనూ ఒక గది, చెల్లెలి కుటుంబం ఒక గది.

టిక్కెట్టులో తిండి, మంచినీళ్లు, మామూలు కాఫీ టీలు, చాలా వినోదాలు కలిసే ఉంటాయి. కూల్‌డ్రింకులు, ఇంటర్నెట్, ఫొటోలు, దీవుల్లో తిప్పి చూపించే టూర్లు వేరు. మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు కూడా బిల్లులో కలుపుతారు. ఓడలో నోట్లు చెల్లవు, గది కార్డు గీకాల్సిందే. గీకుతున్నప్పుడు హాయిగానే ఉంటుంది. రోజూ రాత్రి బిల్లు చూసుకుంటే ఆఖరి రోజు గుండె ఆగదు.

సముద్రం మధ్యలో సెల్‌ఫోన్ ఓడ టవర్‌కి తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

పెట్టెలో ఏముండాలి?

అమ్మ ఎవరికీ చెప్పకుండా బుల్లి రైస్‌కుక్కరు తెచ్చింది! రేవులో ఎక్స్‌రే మిషన్ దాన్ని పట్టేసింది. కుక్కరు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్ లాంటి వేడి సామాన్లేవీ ఓడలోకి రానివ్వరు. మంటలంటే వాళ్లకి అంత భయం. రసీదు రాసిచ్చి, తిరిగొచ్చాక ఇచ్చారు. ఇంట్లో వండినవీ చాలా కంపెనీలు వద్దంటాయి. సీలు తీయని ప్యాకెట్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాబట్టి అమ్మ చేతి ఆవకాయ హ్యూస్టన్‌లోనే ఉండిపోయింది.

అన్నానికేం లోటు లేదు. శాకాహారులమని ముందే రాయించుకుంటే పెద్ద ఓడల్లో చాలావాటిలో రాత్రి భోజనానికి భారతీయ వంట చేసిపెడతారు. మొదటి రాత్రే వడ్డించేవాళ్లకి చెబితే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వచ్చాయి. కారం మాత్రం మనమే అడగాలి.

ఇక నేను చేసిన తప్పు. రేవులో పెద్ద పెట్టెలు కూలీలు తీసుకుంటారు. అవి గది దగ్గరికి చేరేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి. అమ్మ బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టాను. ఆరింటికి వేసుకోవాల్సిన మాత్ర ఎనిమిదింటికి వేసుకుంది. ఆ రెండు గంటలూ నేను వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మందులు, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మందులు ప్రయాణం రోజులకంటే నాలుగు రోజులకి ఎక్కువే తీసుకెళ్లండి. తల తిరగకుండా వేసుకునే మాత్రల గురించి ఇక్కడే మీ డాక్టర్ని అడగండి. బీపీ, సుగర్ ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోవద్దు.

చీరల విషయానికొస్తే, పై డెక్ మీద గాలికి పల్లూ కుచ్చిళ్లూ మన మాట వినవు. పిన్నులు బోలెడు కావాలి. పగలు చుడీదార్లే నయం. ఒకటి రెండు రాత్రులు అందరూ ముస్తాబై భోజనానికొస్తారు. అప్పటికి ఒక్క పట్టుచీర చాలు. అమ్మ కంచి చీర చూసి ఫొటో తీసుకుంటామని నలుగురు అడిగారు.

ఎక్కిన రోజు

ఓడ కదలకముందే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సూచన. "ఇదంతా లాంఛనమే" అని ఎగ్గొట్టకండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోతే 32 మంది చనిపోయారు. ఆరోజే ఎక్కినవాళ్లలో చాలామందికి అప్పటికి ఆ కసరత్తు చేయించనేలేదు. ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో చేయించాలన్న నియమం ఆ తర్వాతే గట్టిపడింది.

ఇంకోటి, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వేలమంది ఒకేచోట తినే ఓడలో వాంతులు, విరేచనాలు పుట్టించే నోరోవైరస్ తేలిగ్గా పాకుతుంది. దానికి శానిటైజర్ కంటే సబ్బూ నీళ్లే మేలు.

దీవిలో దిగినప్పుడు

జమైకాలో దిగగానే ఒక కొట్టు బోర్డు మీద 'రోటీ' అన్న మాట చూసి అమ్మ ఆగిపోయింది. 1845 నుంచి మనవాళ్లు చెరకుతోటల్లో కూలికి అక్కడికి వెళ్లారని మా మరిది చెప్పాడు. కరీబియన్ ప్రాంతానికి కలకత్తా నుంచీ, మద్రాసు నుంచీ ఓడలు వెళ్లాయి. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. "నెలల తరబడి సముద్రం మీదే! వాళ్లకి అన్నం దొరికిందో లేదో" అంది అమ్మ.

దిగేముందు గడియారం చూసుకోండి. శీతాకాలంలో టెక్సాస్ కంటే జమైకా ఒక గంట ముందుంటుంది. మన ఫోను తనంతట తానే టైము మార్చేసుకుంటుంది, ఓడ మార్చుకోకపోవచ్చు. తిరిగి రావాల్సింది ఓడ టైముకి. ఓడవాళ్ల టూరులో వెళ్లి ఆలస్యమైతే వాళ్లు బాధ్యత తీసుకుంటారు. సొంతంగా తిరిగి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. గంటన్నర ముందే వచ్చేయండి.

కొన్నిచోట్ల ఓడ రేవుకి ఆనదు. గ్రాండ్ కేమన్‌లో సముద్రంలోనే ఆగుతుంది. అక్కణ్నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. పెద్ద ఓడ నుంచి ఊగే పడవలోకి అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ దీవి మానుకోవచ్చు. మానితే తప్పేం లేదు. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే బావుండేది.

అమ్మ చెప్పని మాట

అమ్మకి ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. మాకెవరికీ చెప్పలేదు. కేమన్‌లో పడవలోకి దిగుతుంటే అల వచ్చింది, కాలు మెలికపడింది. సాయంత్రానికి మోకాలు వాచింది. ఓడలో డాక్టరు చూశాడు, విరగలేదన్నాడు. ఆ బిల్లు అప్పటికప్పుడు మేమే కట్టాం. అమెరికాకని తీసుకున్న ఇన్సూరెన్సు ఓడలోనూ, ఇతర దేశాల్లోనూ పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

మర్నాడు కోజుమెల్. అక్కడ శాన్ హెర్వాసియో అనే పాత మాయా గుళ్ల శిథిలాలున్నాయి. ఇష్‌చెల్ అనే దేవత క్షేత్రం. ఆవిడ పురుళ్లు పోసే దేవత. పూర్వం మాయా ఆడవాళ్లు జీవితంలో ఒక్కసారైనా పడవల్లో సముద్రం దాటి వచ్చి ఆవిడకి మొక్కుకునేవారట. ప్రయాణం మొత్తం మీద అమ్మ చూస్తానన్నది ఆ ఒక్క చోటే. చూడలేకపోయింది.

చెల్లెలి వాళ్లని పంపించి నేను అమ్మ దగ్గర ఉండిపోయాను. డెక్ మీద కుర్చీల్లో కూర్చున్నాం.

"నొప్పని ఎందుకు చెప్పలేదమ్మా?"

"పిల్లలు అంత డబ్బు పెట్టారు. చెబితే అందరూ మానేస్తారేమోనని..."

చెప్పి ఉంటే ఎవరూ మానేవాళ్లం కాదు. ఓడలో చక్రాల కుర్చీకి ముందే రాయించేవాళ్లం. కేమన్‌లో దిగకుండా ఉండేవాళ్లం. కోజుమెల్‌లో ఓడ రేవుకే ఆనుతుంది. అక్కడ హాయిగా దిగేది.

ఒక కుర్రాడు కాఫీ తెచ్చిచ్చాడు. గోవా వాడట, ఇంటికి వెళ్లి ఏడు నెలలైందట. అమ్మ తాగిన కప్పు కడగడానికి లేవబోయింది. "ఆంటీ, అది నా పని" అని నవ్వాడు. అమ్మ మళ్లీ కూర్చుంది. అరవై ఆరేళ్ల మనిషి, మరో రెండు గంటలు ఏ పనీ లేకుండా సముద్రం చూస్తూ కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

కాబట్టి అమ్మలూ, అత్తయ్యలూ, పిల్లలు ముచ్చటపడి తీసుకెళ్తామంటే తప్పకుండా వెళ్లండి. కానీ ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎంత నడవాలి అన్నవి మీరే అడగండి. ఎక్కడ నొప్పో, ఏది వద్దో మీరే చెప్పండి. అమ్మాయిలూ, అబ్బాయిలూ, టిక్కెట్టు కొనేముందు "నీకేం కావాలి?" అని ఒక్కసారి అడగండి. "ఏదైనా ఫరవాలేదు" అంటే ఊరుకోకండి, మళ్లీ అడగండి.

మోకాలు తగ్గింది. మొన్న అమ్మే అడిగింది - "ఆ దేవత గుడికి మెట్లెన్ని ఉన్నాయో కనుక్కోవే."