ఇంజిన్ మారితే పాత స్క్రిప్టుల గతి

మాంగోడీబీ అనే డేటాబేస్‌లో రోజువారీ పనుల స్క్రిప్టులు జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. 2013 మార్చిలో 2.4 వెర్షన్‌తో వాటిని నడిపే జావాస్క్రిప్ట్ ఇంజిన్ మారింది: మొజిల్లా వారి స్పైడర్‌మంకీ పోయి, గూగుల్ వారి వీ8 వచ్చింది. భాష అదే. కానీ స్పైడర్‌మంకీకి సొంత యాస ఒకటుంది, పాత స్క్రిప్టులు దానికి అలవాటుపడ్డాయి.

'ఫర్ ఈచ్ ఇన్' లూప్ అలాంటిదే. అది జాబితాలోని విలువలను ఒక్కొక్కటిగా అందిస్తుంది. వీ8కి అది తెలియదు. ఎర్రర్ చూపి ఆగిపోతుంది. నిజానికి ఆగిపోవడమే నయం. తొందరపడి 'ఈచ్' ఒక్కటీ కొట్టేస్తే స్క్రిప్ట్ నడుస్తుంది గానీ, విలువలకు బదులు వాటి వరుస సంఖ్యలు వస్తాయి, అవీ అక్షరాల రూపంలో. 40, 25, 35 కూడితే 100 రావాల్సిన చోట మొత్తం మొదలయ్యే 0, దాని వెనక 0, 1, 2 పక్కపక్కన అతుక్కుని '0012' కనిపిస్తుంది! రెండు ఇంజిన్లకూ తెలిసిన 'ఫర్‌ఈచ్' ఫంక్షన్‌తో తిరగరాయడమే సరైన దారి.

డేటాను సారాంశంగా కుదించే మ్యాప్‌రెడ్యూస్ ఫంక్షన్లలోంచి, డేటాబేస్‌ను సూచించే 'డీబీ'ని పిలవడమూ 2.4లో కుదరదు. అక్కడ మాట మారిస్తే చాలదు, పని తీరే మార్చాలి.

2015 డిసెంబర్‌లో 3.2తో స్పైడర్‌మంకీ తిరిగొచ్చింది. 2022లో 6.0 ఈ స్క్రిప్టులు నడిపే పాత షెల్‌నే తీసేసింది. దాని బదులు వచ్చిన మాంగోష్ నోడ్ జేఎస్ మీద నడుస్తుంది. అంటే లోపల మళ్లీ వీ8.